సన్నిధి లేని వాక్యం

కార్యాలయాల్లో వ్యాపార విభాగానికీ ఐటీ విభాగానికీ పొసగదన్న మాట పాతికేళ్లుగా వింటూనే ఉన్నాను. ఇది చదివే మీలోనూ చాలామంది ఆ కొలువుల్లో ఉన్నవారే కనుక మీకు కొత్త కాదు. "వాళ్లకేం కావాలో వాళ్లకే తెలియదు" అని ఐటీవారు, "మేమడిగిందొకటి, వాళ్లిచ్చిందొకటి" అని వ్యాపారంవారు. దీనికి యాజమాన్యాలు చేసే చికిత్స, ఇరుపక్షాలనూ ఏ రిసార్టుకో తీసుకువెళ్లి ఆటలాడించి భోజనం పెట్టడం. భోజనానికి నేను వ్యతిరేకిని కాను. అయితే రోగం మనసుల్లో కాక భాషలో ఉన్నదని నా అభిప్రాయం. తెలుగు పండితుడికి ఇందులో ఏం పని అంటారేమో, వాక్యార్థం చెడినచోట మా శాస్త్రానికి కొంత పని ఉన్నది.

వాక్యం అర్థం కావడానికి మన పూర్వులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు చెప్పారు. "ఆవు, గుర్రం, మనిషి" అని వరసగా పేర్చితే వాక్యం కాదు, ఒక పదం మరొక పదాన్ని కోరాలి. "నిప్పుతో తడుపు" అంటే వ్యాకరణం సరే, అర్థానికి యోగ్యత లేదు. ఇక "ఆవును" అని పొద్దున పలికి "తీసుకురా" అని సాయంత్రం పలికితే వినేవాడికి ఏమీ బోధపడదు. పదాల నడుమ సన్నిధి లేకపోవడమే కారణం. ఐటీ పనులు ఎక్కువగా చెడేది ఈ మూడోదాని దగ్గరే. ఏం కావాలో మార్చిలో చెబుతారు, చేసినది డిసెంబరులో చూపిస్తారు. నడుమ రెండువందల పుటల పత్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది.

దీనికి నాకు తెలిసినంతలో స్పష్టమైన ఉదాహరణ అమెరికా ప్రభుత్వానిది. అది వ్యాపారసంస్థ కాదు గానీ, కావలసినది నిర్ణయించేవారు ఒకచోట, కట్టేవారు ఒకచోట అన్న కథ మాత్రం అదే. 2010 నాటి చట్టం కింద ప్రజలు ఆరోగ్యబీమా కొనుక్కోవడానికి హెల్త్‌కేర్.గవ్ అనే సైటును 2013 అక్టోబరు 1న తెరిచారు. 36 రాష్ట్రాలవారికి అదే ద్వారం. తర్వాత బయటపడిన అధికారిక పత్రాల ప్రకారం, మొదటిరోజు నమోదు పూర్తిచేసుకోగలిగినవారు ఆరుగురు!

సొమ్ముకు కొదవ లేదు. 2016లో వెలువడిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చూస్తే, స్పష్టమైన నాయకత్వం లేదనీ, విధానాలు తేల్చుకోవడానికే కాలం గడిపి కట్టడానికి చాలినంత మిగల్చలేదనీ తెలుస్తుంది. ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలని చివర్లో ఒక నిర్ణయం చేశారు. జనమంతా ఒకే గుమ్మం దగ్గర తొక్కిసలాడారు. ఆ ఏడాది వసంతంలోనే మెకిన్సీ సంస్థ కొన్ని ప్రమాదాలు ఎత్తిచూపింది. అందులో ఒకటి, ఈ పనిలో విజయానికి ఒకటి కంటె ఎక్కువ నిర్వచనాలు ఉన్నాయన్నది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

"అయిపోయింది" అన్న క్రియనే తీసుకోండి. మా అమ్మాయి ప్రోగ్రామర్, అల్లుడు మరొక సంస్థలో రుణాల విభాగంలో పనిచేస్తాడు. అమ్మాయి "అయిపోయింది" అంటే కోడు రాసి పరీక్షకు పంపినట్టు. అల్లుడు అదే మాట అంటే ఖాతాదారుడి చేతికి డబ్బు అందినట్టు. ఇద్దరూ అబద్ధమాడరు. బడిలోనూ ఇంతే, "సిలబస్ అయిపోయింది" అని మేం రిజిస్టరులో రాసేవాళ్లం. పిల్లవాడికి సంధి వచ్చిందా లేదా అన్నది ఆ రిజిస్టరులో ఉండదు. కనుక పని మొదలుపెట్టేముందు ఈ ఒక్క క్రియకు ఇద్దరూ కలిసి అర్థం రాసుకోవడం, ఎన్ని విందులకన్నా మేలు.

మళ్లీ అమెరికాకు వస్తాను. అక్టోబరులో జెఫ్ జైంట్స్‌కు మరమ్మతు బాధ్యత అప్పగించారు. గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ సమావేశాలకు మూడు నియమాలు పెట్టాడు. సమావేశం సమస్య తీర్చుకోవడానికే, నిందలకు వేరే చోట్లు ఉన్నాయి. విషయం ఎక్కువ తెలిసినవారు మాట్లాడాలి, హోదా ఎక్కువైనవారు కాదు. రాబోయే ఒకటి రెండు రోజుల్లో దెబ్బతీసే వాటిమీదే దృష్టి. నాకు రెండో నియమం అన్నిటికన్నా నచ్చింది. తెలిసినవాడికీ తెలుసుకోవలసినవాడికీ నడుమ ఉన్న మెట్లన్నీ అది తీసివేసింది. డిసెంబరు మొదటికి ఏకకాలంలో యాభైవేలమంది వాడుకోగలరని ప్రభుత్వం ప్రకటించింది. తొలి విడత ముగిసేసరికి, రాష్ట్రాల సొంత సైట్లతో కలిపి, ఎనభై లక్షల మంది చేరారు. ఆపద వచ్చింది గనుక కలిశారు, మామూలు రోజుల్లో అంత తీరిక ఎక్కడిది అంటారు మేనేజర్లు. ఆ తీరిక ముందే చేసుకుని ఉంటే రెండునెలల జాగరణ తప్పేది కాదా?

ఇక చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. మా కాలంలో బి.ఏ. అంటే పట్టా, ఇప్పుడు బిజినెస్ అనలిస్టు. అమెరికాలో మన పిల్లలు ఎందరో ఆ పనిలో ఉన్నారు, నా పూర్వవిద్యార్థులూ ఉన్నారు. కుంపిణీ కాలపు చెన్నపట్నంలో దుబాసీ చేసిన పనే ఇది. దొరకు దేశభాష రాదు, ఇక్కడివారికి ఇంగ్లీషు రాదు, నడుమ దుబాసీ. ఆ మనిషి అవసరమే, కాదనను. అయితే ఇరువైపులా భాష రానంతకాలమే దుబాసీకి పలుకుబడి. అనలిస్టు కూడా ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తూ కూర్చుంటే ప్రతి మోతకూ సన్నిధి కొంత తగ్గుతుంది.

ఆ పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పని మొదలయ్యేముందు ప్రోగ్రామర్‌ను రెండువారాలు రుణాల కౌంటర్‌లో గుమాస్తా పక్కన కూర్చోబెట్టండి. తర్వాత వారానికొకసారి, ఎంత అసంపూర్ణంగా ఉన్నా సరే, తయారవుతున్న తెరను ఆ గుమాస్తాకే చూపించండి, ఆయన మేనేజరుకు కాదు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుండగా మీరు రాసుకోండి. ఇలా చేసి చూసినవారు మీలో ఉంటే, ఒకరి మాట ఒకరికి తెలియడానికి ఎన్నాళ్లు పట్టిందో నాకు రాయగోరుతాను.