భవనాన్ని చూస్తే చాలదు, అడగాలి

బదిలీల ఉద్యోగంలో ఉన్న మాలాంటి వాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. కొత్త ఊళ్ళో సామాను దించీ దించగానే, ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయని వాకబు చేస్తాం. మళ్ళీ ఎప్పుడు ఆర్డర్లు వస్తాయో తెలియదు కదా! అలా బెంగాల్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక సెలవురోజున కోల్‌కతాలోని గవర్నర్ నివాస భవనాన్ని గేటు బయట నిలబడి చూశాం. దానికి నమూనా ఇంగ్లండులోని ఒక జమీందారీ భవనమని అప్పుడే తెలిసింది. కిందటి వేసవి సెలవుల్లో డెర్బీలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ నమూనా భవనాన్ని కూడా చూడగలిగాం.

దాని పేరు కెడిల్‌స్టన్ హాల్. డెర్బీకి కొద్ది మైళ్ళ దూరంలో, విశాలమైన పచ్చిక బయళ్ళ మధ్య ఉంది. 1759లో నథానియల్ కర్జన్ అనే ప్రభువు దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. తీర్చిదిద్దిన వాస్తుశిల్పుల్లో ముఖ్యుడు రాబర్ట్ ఆడమ్. లోపలి పెద్ద హాలులో 20 అలబాస్టర్ రాతి స్తంభాలు వరుసగా నిలబడి ఉంటే ఎవరైనా నోరు తెరుచుకుని చూడాల్సిందే. భవనానికి నాలుగు రెక్కలు కట్టాలనుకున్నారు గాని రెండే పూర్తయ్యాయి. 1803లో పూర్తయిన కోల్‌కతా భవనానికి మాత్రం నాలుగూ ఉన్నాయి.

ఇది విని మా అమ్మాయి, “అయితే మనదే పెద్దదన్నమాట!” అని సంబరపడింది. ‘మనదే’ అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. కోల్‌కతా భవనాన్ని కట్టించింది గవర్నర్ జనరల్ వెల్లస్లీ. ఖర్చయిన సొమ్ము మన నేల మీద కంపెనీ వసూలు చేసిన రాబడి. ఇక కెడిల్‌స్టన్ విషయానికొస్తే, కొత్త భవనం కోసం అక్కడున్న ఊరినే వేరే చోటికి తరలించారు. పాత చర్చి మాత్రం భవనం పక్కన ఒంటరిగా మిగిలింది. అంటే ఆ అందమైన పచ్చిక కోసం ఇల్లు వదిలినవాళ్ళు ఇంగ్లండు పల్లె జనమే!

ఈ ఇంటి బిడ్డే లార్డ్ కర్జన్. 1899 నుంచి 1905 వరకు మన దేశానికి వైస్రాయి. 1905లో బెంగాల్‌ను విభజించినవాడు ఆయనే. తాజ్‌మహల్‌ను బాగుచేయించి, 1904లో ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం తెచ్చినవాడూ ఆయనే. ఆయన మన దేశం నుంచీ, ఆసియాలోని ఇతర దేశాల నుంచీ తీసుకువెళ్ళిన వస్తువులతో ఆ ఇంట్లో ఒక మ్యూజియం ఉంది. 1903 ఢిల్లీ దర్బారు సందర్భంగా ఆయన భార్య మేరీ ధరించిన నెమలి గౌను కూడా కెడిల్‌స్టన్‌దే. నిండా జరీ పని, నెమలి కన్నుల మధ్యలో మరకతాల్లా మెరిసే పురుగు రెక్కలు. గౌను కుట్టింది పారిస్‌లోని వర్త్ సంస్థ, జరీ పని చేసింది మన దేశపు పనివాళ్ళు. ధరించిన ఆమె పేరు అందరికీ తెలుసు. కళ్ళు కాయలు కాసేలా సూది పట్టిన వాళ్ళలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మర్నాడు డెర్వెంట్ నది వెంట క్రామ్‌ఫర్డ్ వెళ్ళాం. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నూలు వడికే మిల్లు పెట్టిన చోటు ఇది. ఈ లోయలోని మిల్లులకు 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. తెలుగువాళ్ళకు ఈ చోటుతో దూరపు చుట్టరికం ఉంది. 1611లోనే ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. మన తీరం అద్దకం బట్టలంటే వాళ్ళ దేశంలో ఎంత మోజు పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళ గోల భరించలేక 1721లో ప్రభుత్వం అద్దకం నూలుబట్టల వాడకాన్నే చాలావరకు నిషేధించింది. ఆర్క్‌రైట్ యంత్రం పడుగుకు నిలిచే గట్టి నూలు ఇచ్చాక కథ తిరగబడింది. తరవాతి శతాబ్దంలో మిల్లు బట్ట మన మగ్గాల నోటి దగ్గర కూడు తీసింది. కానీ ఆ మిల్లులో రాత్రింబవళ్ళు వంతులవారీగా పనిచేసిన వాళ్ళలో ఏడెనిమిదేళ్ళ ఇంగ్లీషు పిల్లలూ ఉన్నారు. మా తరగతిలో కూర్చునే పిల్లల కంటే చిన్నవాళ్ళు!

ఇలాంటి చోట్లకు వెళ్ళొచ్చినవాళ్ళు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఒకటి, “ఎంత శుభ్రంగా కాపాడుకున్నారో!” రెండోది, “అంతా మన సొమ్మే.” రెండిట్లోనూ నిజం ఉంది, ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. 1987 నుంచి కెడిల్‌స్టన్‌ను చూసుకుంటున్నది నేషనల్ ట్రస్ట్. తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతో, బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలను ఆ సంస్థే 2020లో ఒక నివేదికలో బయటపెట్టింది. అక్కడ కొందరికి అది నచ్చలేదు, పెద్ద దుమారమే రేగింది. మా దృష్టిలో మాత్రం గోడకు సున్నం వేయడం ఎంత అవసరమో, ఆ గోడ వెనక కథ చెప్పడమూ అంతే అవసరం. రెండూ కలిస్తేనే అది సంరక్షణ.

మరి మనమో? నిజాయితీగా ఒప్పుకుంటున్నాం. పిల్లలను కోటలకు, రాజభవనాలకు తీసుకెళ్ళిన ప్రతిసారీ రాజు పేరు, సంవత్సరం రాయించి, గ్రూప్ ఫోటో తీయించి బస్సెక్కించాం. తెలంగాణ గడీల గుమ్మాల చెక్కడాలను మెచ్చుకుంటాం, ఆ గుమ్మాల ముందు జరిగిన వెట్టిచాకిరీ గురించి చెప్పడం మరిచిపోతాం. పరాయివాళ్ళ భవనాన్ని అడిగే ప్రశ్న మన భవనాన్నీ అడగకపోతే అది చరిత్ర కాదు, పక్షపాతం.

అందుకే విద్యార్థులారా, వచ్చే విహారయాత్రకు నోటు పుస్తకంలో ఐదు ప్రశ్నలు రాసుకుని రండి. ఎవరు కట్టించారు? ఎవరు కట్టారు? డబ్బు ఎక్కడిది? ఎవరు చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది? ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? జవాబులన్నీ దొరక్కపోవచ్చు. దొరకని వాటిని ఖాళీగానే ఉంచండి, తరగతికి తీసుకురండి. కలిసి వెతుకుదాం. ఫోటో ఆ తరవాత తీసుకుందాం.