మాటల పుట్టుపూర్వములు: నూలు వడకిన చేతికి నింద



ఆంగ్లపదములను వల్లించుటకంటె వాని పుట్టుకను తెలిసికొనుట మేలు. పుట్టుక తెలిసిన పదము మరపునకు రాదు. అంతియకాదు, దాని నెట్లు వాడవలెనో, ఎక్కడ వాడరాదో కూడ బోధపడును. ఈ మాసమున స్త్రీలకు సంబంధించిన మూడు పదములను పరిశీలింతము.

మొదటిది 'లేడీ'. నేడిది గౌరవవాచకము. ప్రాచీనాంగ్లమున 'హ్లాఫ్' అనగా రొట్టె. నేటి 'లోఫ్' దాని రూపాంతరమే. దానికి పిండి పిసుకుట యను నర్థముగల ధాతువు చేరి యేర్పడిన పదమే యరిగి యరిగి 'లేడీ' యైనది. 'లార్డ్' అనగా రొట్టెను కాచువాడు. చేతుల పిండి యంటిన యిల్లాలే లేడీ యన్నమాట!

రెండవది 'స్పిన్‌స్టర్'. 'స్పిన్' అనగా నూలు వడకుట. 14వ శతాబ్దమున నీ పదమునకు నూలు వడకునామె యనియే యర్థము. పెండ్లికాని స్త్రీలనేకు లీ పనితో జీవించుటచే, 17వ శతాబ్దము నాటికి ఇంగ్లండు న్యాయపత్రములలో అవివాహిత యను నర్థము స్థిరపడెను. పిమ్మట నది పెండ్లియీడు దాటిన స్త్రీని హేళనచేయు మాట యయ్యెను. 'బాచిలర్' అను పదము గతి వేరు. యువవీరుని పేరై, విశ్వవిద్యాలయపు తొలి పట్టమునకును అవివాహిత పురుషునకును చెల్లినది. దానికి మచ్చ రాలేదు. తన కష్టముతో తాను బ్రదికిన యామె పేరునకే నింద తగులుట యెంత యన్యాయము! తుదకు 2005లో ఇంగ్లండు, వేల్సుల వివాహపు రిజిష్టరులలో నీ రెండు పదములును తొలగి, స్త్రీపురుషు లిరువురకును 'సింగిల్' అను నొక్కమాటయే నిలిచినది.

మూడవది 'హసీ'. 'హౌస్‌వైఫ్' అను పదమే వాడుకలో నరిగి యిట్లయినది. తొలుత గృహిణి యని యర్థము; తరువాత నడవడి చెడిన స్త్రీ యని. 'హస్బెండ్' అను పదమునను ఇల్లే యున్నది. కాని, దాని గౌరవము చెడలేదు.

ఇది పరుల భాషాదోషమని మనము నవ్వుకొనుటకు వీలులేదు. తల గొరిగింపబడినది యను నర్థముగల సంస్కృతపద మొకటి మన భాషలో భర్తను గోల్పోయిన స్త్రీకి పేరైనది. తుదకు ఏ స్త్రీనైనను తిట్టు తిట్టైనది. ఆ పదమును నేనిట వ్రాయను, మీరెల్లరు నెరిగినదే. పూర్వ మొకతె పడిన దుఃఖమును నేడు వేరొకతెపై విసరుచున్నాము. కోపమున పనిమనిషిపై, కోడలిపై, ఒక్కొక్కప్పుడు కన్నకూతురిపైనను మన నోటనే యది వెడలుచుండును గదా!

కావున ఈ మాసపు పాఠమిది: పై మూడు పదములను పుట్టుకతోకూడ నొక పుస్తకమున వ్రాసికొనుడు. నాలుగవదానిని వ్రాయనక్కరలేదు. దానిని నోటినుండి తొలగించినచో చాలును.