తేమ చూసే మనిషికి నీడ లేకపోతే నష్టం ఎవరికి?

పోయిన యాసంగిల మా ఊరి కొనుగోలు సెంటర్ల జరిగిన ముచ్చట ఇది. పొద్దున పదకొండు దాటింది. ఎండ దంచికొడుతున్నది. ఏఈవో మేడం తేమ మిషన్‌ను తన స్కూటీ సీటు మీద పెట్టి మా కుప్పల కెళ్లి పిడికెడు వడ్లు తీసి చూసింది. 17.9 వచ్చింది. "ఇంకో రెండు రోజులు ఆరబోయుండ్రి కాకా" అని మా నాయినకు చెప్పింది.

నాకు మనసున పట్టలే. అవే వడ్లను స్టీలు డబ్బల పోసి, మూత గట్టిగ పెట్టి, పక్కనున్న యాపచెట్టు కింద పెట్టిన. మిషన్‌ను కూడా జర నీడల పెట్టమని మేడంను అడిగిన. అరగంటైనంక మళ్ల చూస్తే 16.8 వచ్చింది. మేడం ఏం అనలే. టోకెన్ రాసిచ్చింది. అదే రోజు మా వడ్లు కాంటా అయినయి.

మూడో రోజు రాత్రి వాన కొట్టింది. మా సంచులు అప్పటికే లారీ ఎక్కినయి. పక్క కుప్ప వాళ్లయి తడిసినయి. వాళ్లకు కూడా "ఇంకో రెండు రోజులు" అనే చెప్పిండ్రు. నీడల పెట్టి చూస్తే వాళ్లయి ఎంత వచ్చేదో ఇప్పుడు ఎవరికీ తెల్వదు. ఆ రాత్రి సంది నాకు ఒక్కటే ఆలోచన.

ఇండ్ల మేడం తప్పు లేదు. మిషన్ కూడా చెడిపోలే. తేమ మిషన్ గింజల లోపలి నీళ్లను నేరుగ కొలవదు. గింజల కెళ్లి కరెంటు ఎట్ల పోతున్నదో చూసి లెక్క కడతది. గింజ వేడిగ ఉంటే ఆ లెక్క మారుతది. అందుకే గింజ, మిషన్ రెండూ ఒకే తీరు వేడిల ఉన్నప్పుడే చూడాలె. అంటే నీడ కావాలె, బల్ల కావాలె. స్కూటీ సీటు బల్ల కాదు.

కేంద్రం పెట్టిన లెక్కల ప్రకారం మంచి వడ్లకు తేమ 17 శాతం దాటొద్దు. మట్టిపెళ్లలు, రాళ్లు 1 శాతం, గడ్డి, చెత్త 1 శాతం, పచ్చిగింజ, ముడుచుకపోయిన గింజ 3 శాతం, వేరే రకం కలిసింది 6 శాతం దాటొద్దు. ఇవన్నీ చూడాలంటే కుప్పల నాలుగైదు దిక్కుల కెళ్లి నమూనా తియ్యాలె, కలపాలె, జల్లెడ పట్టాలె, తక్కెడల తూయాలె, మంచి వెలుతురుల గింజలు ఏరి చూడాలె. గాలి కొడితే చిన్న తక్కెడ నిలవదు. సాయంత్రం చీకటి పడ్డంక ఫోను లైటు పెట్టి చూస్తే రంగు మారిన గింజ ఏదో, మంచి గింజ ఏదో ఎవరు చెప్తరు? ఇవన్నీ కల్లంల నిలబడి, చుట్టూ యాభై మంది "మాది ముందు చూడు" అంటుంటే చెయ్యాలె. చెయ్యలేరు. అందుకే చేతుల పట్టుకొని, పంటి కింద కొరికి, చూపుతోని తేల్చేస్తరు.

మనం ఎప్పుడూ "ఆఫీసర్లు రాలే", "ఆఫీసర్లు చూడలే" అని కొట్లాడుతం. వచ్చిన మనిషి ఎక్కడ కూసోని చూడాలె అని ఎన్నడూ అడగలే.

ఇగ అసలు ముచ్చట మిల్లు దగ్గర ఉన్నది. సెంటర్ల ఏఈవో చూసి, మంచిగున్నయని రాసిచ్చి, కాంటా అయినంక మిల్లుల మళ్ల కోత పెట్టొద్దని సర్కారు ప్రతి సీజన్ల చెప్తది. అయినా కోత ఆగదు. ఎందుకు? మిల్లుల మన దిక్కు చూసేటోళ్లు ఎవరూ ఉండరు కాబట్టి. అక్కడ గది మిల్లరుది. మిషన్ మిల్లరుది. చూసే గుమాస్తాకు జీతం ఇచ్చేది మిల్లరే. లారీ గేటు కాడ నిలబడి ఉంటది, దాని కిరాయి ఎక్కుతుంటది. "తేమ ఉన్నది, తాలు ఉన్నది, సంచికి రెండు కిలోలు తీస్తం, లేకుంటే తీస్కపో" అని ఫోన్ వస్తది. తీస్కపోయేది ఎక్కడికి?

ఒక లెక్క చూడుండ్రి. 60 క్వింటాళ్లు అంటే 40 కిలోల సంచులు 150. సంచికి 2 కిలోలు తీస్తే 300 కిలోలు, అంటే 3 క్వింటాళ్లు. 2025-26ల ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే 7,167 రూపాయలు పోయినట్టు. ఒక్క చిన్న రైతుకు, ఒక్క సీజన్ల. ఈ పైసలు పోయింది తేమ వల్ల కాదు. తేమ ఎంతున్నదో చెప్పే గది ఎవలదో, దాని వల్ల.

ఇది మన ఒక్కల కథనే కాదు. అమెరికాల కూడా ఇదే జరిగింది. అక్కడ ధాన్యాన్ని పెద్ద పెద్ద గోదాముల కెళ్లి ఓడల్లకు ఎక్కిస్తరు. వాటిని ఎలివేటర్లు అంటరు. 1970ల నడుమ దాకా ఆ ధాన్యాన్ని చూసి గ్రేడు రాసే పని చాలా వరకు ప్రైవేటు సంస్థల చేతుల ఉండె. న్యూ ఆర్లియన్స్ రేవుల లంచాలు, దొంగ తూకాలు బయటపడ్డయి. కొందరికి శిక్షలు పడ్డయి. దాంతోని 1976ల చట్టం మార్చి, ఫెడరల్ గ్రెయిన్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ అని సర్కారు సంస్థనే పెట్టిండ్రు. రేవుల కాడ ఎగుమతి ధాన్యం చూసేది, తూచేది అప్పటి సంది సర్కారు మనుషుల పనైంది.

ఆ సంస్థ నిబంధనల్ల ఒక చిన్న మాట ఉన్నది. ఎలివేటర్ల పరీక్ష చేయించుకునేటోళ్లు, ఆ పనికి సరిపోయే జాగ, వేరుగ ఉండే జాగ ఇయ్యాలె. ఆ జాగ ఎంతుండాలె, ఎక్కడుండాలె, ఎంత భద్రంగ ఉండాలె అన్నది చెప్పేది సంస్థ, గోదాము ఓనరు కాదు. ఆ నిబంధనల "వేరుగ" అన్న మాటే నాకు అన్నిటికంటె పెద్దదనిపించింది. ఓనరు గుమాస్తా బల్ల మీద ఓ మూలకు కూసోని, వాళ్ల చాయ తాగుకుంట, వాళ్ల మిషన్ మీద చూసి, వాళ్ల సరుకు బాగలేదని రాసుడు ఎంత కష్టమో ఎవలకన్నా తెలుస్తది. మనిషి మంచోడే కావొచ్చు. రోజూ ఆ నీడల్నే కూసునేటోనికి నోరు లేవదు.

మన దగ్గర కూడా ఒక కాడ గది ఉన్నది. మిల్లరు వడ్లను బియ్యం పట్టి సర్కారుకు తిరిగి ఇయ్యాలె. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యం అయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యం అయితే 68. ఎఫ్‌సీఐ గోదాముల ఆ బియ్యాన్ని నాణ్యత సిబ్బంది చూస్తరు. పచ్చి బియ్యంల నూక 25 శాతం, ఉప్పుడు బియ్యంల 16 శాతం దాటొద్దు. అక్కడ లాబు ఉంటది, బల్ల ఉంటది, తక్కెడ ఉంటది. అంటే మిల్లరు సరుకును చూసేతందుకు సర్కారుకు గది దొరికింది. రైతు సరుకును చూసేతందుకు దొరకలే. మన దేశంల ధాన్యం పరీక్ష ఎవలకు అనుకూలంగ కట్టిండ్రో ఈ ఒక్క తేడా చూస్తే చాలు.

"గది ఉంటే అన్నీ సక్కగైతయా?" అని మీరు అడుగుతరు. అయితయని నేను అనను. 2023 జనవరిల సీబీఐ ఎఫ్‌సీఐ మీద పెద్ద కేసు పెట్టి, పంజాబ్, హర్యానా, ఢిల్లీల దాడులు చేసింది. గోదాముల సరుకు దింపుకునే కాడ లారీకి ఇంత అని వసూలు చేస్తున్నరన్నది ఆరోపణ. అక్కడ గదులు లేవా? ఉన్నయి. కాని తలుపు మూసిన గది అది. రైతులకు, జనాలకు కనపడని గది. అందుకే గది ఒక్కటే చాలదు. ఆ గదిల ఏం జరుగుతున్నదో సరుకు తెచ్చినోళ్లకు కనపడాలె. లెక్క తప్పనిపిస్తే మళ్ల చూడుమనే హక్కు ఉండాలె. అమెరికాల ఆ హక్కు ఉన్నది. ఒకసారి చూసింది నచ్చకపోతే మళ్ల చూపించుకోవచ్చు, ఆ మీద అప్పీలు పోవచ్చు.

ఇంకో మాట కూడా వస్తది. మొన్న మా దోస్తుతోని ఇదే చెప్తే నవ్విండు. "రైతులకే టార్పాలిన్లు లేవు, నువ్వు ఆఫీసర్లకు గది అడుగుతున్నవా?" అన్నడు. ఆ మాటల కోపం ఉన్నది, న్యాయం కూడా ఉన్నది. కాని నేను అడిగేది ఆఫీసర్ సుఖం కోసం కాదు. మన వడ్ల ధర తేలేది ఆ బల్ల మీద. కాంటాకు సీలు ఉండాలె అని అడుగుతం గద, ఇదీ అట్లాంటిదే. తూనికలు కొలతల శాఖ కాంటాను చూసి ముద్ర వేస్తది. మరి తేమ చూసే జాగకు ఏ ముద్ర ఉన్నది?

పైగా సెంటర్లు నడిపేటోళ్లల్ల మహిళా సంఘాల అక్కలు మస్తు మంది. ఏఈవోలల్ల కూడా ఆడపిల్లలు చాలా మంది. పొద్దంత కల్లంల ఉండాలె, బాత్‌రూం లేదు. నీళ్లు ఎక్కువ తాగితే కష్టమని తాగకుంట ఉంటరు. అట్లాంటి మనిషిని "నాలుగు దిక్కుల నమూనా తీసి ఓపికగ చూడమ్మా" అంటే ఎట్ల చూస్తది? తొందరగ ముగించుకొని పోదామనే చూస్తది. ఆ తొందర మన పైసల కెళ్లి పోతది.

కొత్తగ బంగళాలు కట్టుమని అడుగుతలే. రాష్ట్రంల 2,601 రైతు వేదికలు ఉన్నయి. ఒక్కొక్కటి 22 లక్షలు పెట్టి కట్టిండ్రు. కొనుగోళ్ల రోజుల్ల అందుల ఒక గది పరీక్ష గది చెయ్యొచ్చు. వేదిక దూరమున్న ఊళ్లల్ల సెంటర్ కాడ రేకుల షెడ్డు చాలు. అందుల గట్టి బల్ల, రెండు తేమ మిషన్లు, చిన్న తక్కెడ, జల్లెడ, లైటు, తాగే నీళ్లు, బాత్‌రూం ఉండాలె. మిషన్ మీద వచ్చిన అంకె రైతుకు కనపడేటట్టు కిటికీ ఉండాలె. ఆ అంకె, టైము, మిషన్ నంబరు రాసిన చీటీ రైతు చేతికి ఇయ్యాలె. చూసిన నమూనాల కెళ్లి రెండు పాకెట్లు సీలు వేసి, ఒకటి సెంటర్ల ఉంచి, ఒకటి లారీ ఎంబడి పంపాలె. మిల్లుల కోత పెడతమంటే, గేటు కాడ సర్కారు మనిషి ఆ పాకెట్టు విప్పి, మిల్లరుది కాని బల్ల మీద, మిల్లరుది కాని మిషన్ మీద మళ్ల చూడాలె. వడ్ల మీద మార్కెట్ కమిటీలకు వచ్చే ఫీజుల కెళ్లి ఈ ఖర్చు పెట్టుడు పెద్ద భారం కాదు.

ఇవన్నీ సర్కారు చేసే దాక మనం ఊకె ఉండొద్దు. వచ్చే వానాకాలం కోతల్ల మీ ఊరి సెంటర్‌కు పోయినప్పుడు మూడు పనులు చెయ్యుండ్రి. తేమ నీడల చూడమని మర్యాదగ అడుగుండ్రి, గింజ చల్లబడే దాక ఆగుండ్రి. వచ్చిన అంకెను ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండ్రి. కాంటా మీద ఈ ఏడాది ముద్ర ఉన్నదా లేదా చూడుండ్రి. ఏఈవోతోని కొట్లాడుడు కాదు, ఆమెకు ఒక బల్ల, ఒక నీడ ఇప్పించేతందుకు ఆమె దిక్కు నిలబడి గ్రామసభల అడుగుండ్రి.

మా పక్క కుప్ప కాక ఆ తడిసిన వడ్లను ఇంకో వారం రోజులు ఆరబోసిండు. మొలకలు వచ్చినయి ఏరేసిండు. ఆఖరికి అమ్ముకున్నడు, కోత పెట్టించుకొనే. మొన్న కనపడి అడిగిండు: "ఆ రోజు నా వడ్లు కూడా నీ డబ్బల పెట్టి చూస్తే అయ్యేదా బిడ్డా?" నా దగ్గర జవాబు లేకుండె. ఈసారి సెంటర్ తెరిచే ముందే ఆ యాపచెట్టు కింద ఒక బల్ల వేద్దామని ఊళ్లె పిల్లలం అనుకున్నం.