పుస్తకాల అంగడి అంటే ఒక్కటే కాదు

పట్నానికి అలవాటుగా పోయివచ్చే పల్లె రైతును విత్తనాల అంగడి ఎక్కడుందని అడిగితే వీధి పేరుతో సహా చెబుతాడు. మోటారుకు వైండింగు ఎవరు బాగా చేస్తారో, ఏ మండీలో తూకం సక్రమంగా ఉంటుందో కూడా చెబుతాడు. పుస్తకాల అంగడి ఎక్కడుందని అడిగితే మాత్రం కొంచెం ఆలోచించి, బడులు తెరిచే జూన్ నెలలో పిల్లలకు నోటుబుక్కులు కొన్న చోటు చూపిస్తాడు. ఆయనకు తెలిసిన పుస్తకాల అంగడి అదొక్కటే. ఇందులో ఆయన తప్పేమీ లేదు. మిగిలిన అంగళ్లు ఉన్నాయని ఆయనకు చెప్పినవారు లేరు, రమ్మని పిలిచినవారూ లేరు.

నిజానికి కర్నూలు, కడప వంటి నగరాల్లో పుస్తకాలు అమ్మే చోట్లు ఒక రకం కాదు. బట్టల్లో పట్టుచీరల అంగడి వేరు, పంచెల అంగడి వేరు, పాత బట్టల బేరం వేరు అయినట్టే పుస్తకాల బేరంలోనూ తెగలున్నాయి. ఏ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో తెలియనివాడు మొదటి అంగట్లోనే ‘లేదు’ అనిపించుకుని వెనక్కి తిరిగి బస్సెక్కుతాడు. పుస్తకమే లేదనుకుంటాడు. పల్లె ఇళ్లలోకి పుస్తకం రాకపోవడానికి పేదరికం ఎంత కారణమో, ఈ తెలియనితనం కూడా అంత కారణం.

మొదటి రకం పాఠ్యపుస్తకాలు, గైడ్లు, టెస్టుపేపర్లు అమ్మే అంగళ్లు. వీటికి జూన్, జులై నెలలే పంట కాలం. రెండో రకం పోటీపరీక్షల పుస్తకాల అంగళ్లు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల నోటిఫికేషన్ పడిన వారం ఇవి కిటకిటలాడతాయి. మూడోది పూజా సామగ్రితో పాటు పంచాంగాలు, వ్రతకథలు, శతకాలు, పెద్దబాలశిక్ష అమ్మే చోటు. ఈ బేరంలో కర్నూలుకు పాత పేరే ఉంది. బాలసరస్వతీ బుక్ డిపో, కర్నూలు అని అట్టమీద అచ్చయిన భక్తి గ్రంథాలు తెలుగునాట ఎన్నో ఇళ్లలో పూజగదుల్లో కనిపించేవి. ఈ జిల్లాలవాళ్లు పుస్తకాలు కొనడమే కాదు, అచ్చువేసి పై జిల్లాలకు కూడా పంపారన్నమాట.

నాలుగోది బస్టాండు, రైల్వేస్టేషను స్టాళ్లు. మద్రాసులో 1844లో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్ వారి స్టాళ్లు ఒకప్పుడు దక్షిణాదిన రైలు ప్రయాణికులకు పుస్తకాన్ని అలవాటు చేశాయి. వారపత్రికలు, డిటెక్టివ్ నవలలు, ఎమెస్కో వారి పాకెట్ పుస్తకాలు స్టాళ్ల నుంచే పల్లెలకు చేరాయి. అయిదోది ఒక ఆశయంతో నడిచే పుస్తక కేంద్రాలు. కమ్యూనిస్టు పార్టీల వారి పుస్తకశాలలు, తిరుమల తిరుపతి దేవస్థానం వారి పుస్తక విక్రయశాలలు, తెలుగు బైబిలు, క్రైస్తవ కీర్తనల పుస్తకాలు అమ్మే చోట్లు, ఉర్దూ పుస్తకాలు, తెలుగు ఖురాను దొరికే అంగళ్లు ఈ కోవలోకి వస్తాయి. ఇక ఆరోది పాత పుస్తకాల బేరం. కిలోల లెక్కన కొన్న కాగితంలోంచి మంచి పుస్తకాలను ఏరి, సగం ధరకో పావు ధరకో అమ్మే చిన్న వ్యాపారి ఇతడు. పేద విద్యార్థికి ఇతనిని మించిన ఉపకారి లేడు.

ఇన్ని రకాలు ఉన్నప్పుడు కొరత దేనికని అడగవచ్చు. కొరత ఎక్కడుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, రా.రా. అని లోకానికి తెలిసిన విమర్శకుడు, తన ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. అదే కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో ఆ పురస్కారమే వచ్చింది. కరువు, ఫ్యాక్షను, ఎండిన బావి, అమ్ముడుపోయిన ఎద్దులు ఆ కథల్లో ఉన్నాయి. ఈ ఇద్దరి పుస్తకాలూ పులివెందులలోనో, ఆళ్లగడ్డలోనో, ఆదోనిలోనో అడిగి చూస్తే ఎన్ని అంగళ్లలో దొరుకుతాయి? మన నేల మీద పుట్టిన పుస్తకం కోసం మనవాళ్లే విజయవాడకో హైదరాబాదుకో పోవలసి రావడం శోచనీయం.

దీనికి అంగడివాళ్లను నిందించి లాభం లేదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. గైడు పుస్తకం రెండు నెలల్లో అమ్ముడై డబ్బు తిరిగి వస్తుంది. కథల పుస్తకం ఏడాది పాటు బీరువాలో కూర్చుంటుంది. అద్దె, కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తాయి. వెనకటికి జూన్ లాభంతో మిగతా పది నెలలు సాహిత్యం బీరువాను పోషించగలిగేవారు. ఇప్పుడు చాలా ప్రైవేటు బడులు పుస్తకాలు, నోటుబుక్కులు బడిలోనే అమ్ముకుంటున్నాయి. ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా అందుతున్నాయి. పేద పిల్లలకు అది ఎంతైనా మేలే కానీ, అంగడివాడి జూన్ బేరం ఆ మేరకు తగ్గింది. సెల్‌ఫోనులో ఆర్డరు పెట్టే అలవాటు వచ్చి పోటీపరీక్షల బేరానికీ గండి పడింది. ముందుగా ఖాళీ అయ్యేది కథలూ కవిత్వమూ పెట్టిన బీరువానే. దాని స్థానంలో స్కూలు బ్యాగులు, పుట్టినరోజు బహుమతులు వస్తాయి. బయట బోర్డు మాత్రం ‘బుక్ డిపో’ అనే ఉంటుంది.

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన 1953లోనే విజయవాడలో విశాలాంధ్ర ప్రచురణాలయం ప్రారంభమైంది. వాళ్లు పుస్తకాలను బండికెత్తి ఊళ్లు తిప్పారు. మాస్కోలో తెలుగులో అచ్చయిన రష్యన్ పుస్తకాలు గట్టి అట్టలతో, రంగు బొమ్మలతో, కూలి మనిషి కూడా కొనగల ధరకు దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పడిపోయేదాకా ఆ పుస్తకాలు వస్తూనే ఉండేవి. పైన చెప్పిన రా.రా. కూడా 1970లలో మాస్కోలో ఉండి అలాంటి అనువాదాలు చేసినవారే. సీమ మనిషి మాస్కోలో రాసిన తెలుగు పుస్తకం తిరిగి సీమ పల్లెకు చేరగలిగింది. అలాంటిది కడపలో రాసిన పుస్తకం కర్నూలుకు చేరలేకపోవడం విడ్డూరం కాదా?

అంతకంటే పాత సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగం మీద 1820లో కడపకు వచ్చే నాటికి తెలుగు కావ్యాలు అంగట్లో కొనుక్కునే వస్తువులు కావు. తాటాకు కట్టలుగా పండితుల ఇళ్లలో, అటకల మీద ఉండేవి. ఆయన కడపలో బంగళా కొని, తన సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ప్రతులు తెప్పించి, తప్పులు దిద్దించి, శుభ్రమైన నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చుకెక్కించాడు. ఆ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల, జనం ఇచ్చిన చందాల వల్ల సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కడపకు ఆసుపత్రి పనిమీదో, కోర్టు వాయిదాకో వచ్చే పల్లె జనంలో ఎందరు యర్రముక్కపల్లె దాకా పోయి దాన్ని చూశారు?

కడుపుకే చాలని కరువు రైతుకు పుస్తకాల గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా గుంటూరు దిక్కు మిరప కోతలకు వలసపోయే కుటుంబాలను చూసినవాడికి ఆ ప్రశ్న అర్థమవుతుంది. అయితే పుస్తకం లేనందువల్ల నష్టపోయేది కూడా ఆ కుటుంబాలే. రైతు ప్రతి ఉగాదికి పంచాంగం కొంటాడు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం తెలుగులో ‘వ్యవసాయ పంచాంగం’ వెలువరిస్తోందనీ, వేరుశనగ, శనగ, కంది, పత్తి పంటల రకాలు, తెగుళ్లు, మందుల మోతాదులు అందులో ఉంటాయనీ ఎందరికి తెలుసు? మందుల అంగడివాడు చెప్పిన డబ్బా కొనేముందు ఒక పేజీ చదువుకునే రైతుకు ఎంత ఖర్చు మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు అర్జీ, బ్యాంకు కాగితం, ఆసుపత్రి రిపోర్టు చదవలేక ఇంకొకరి కాళ్లు పట్టుకునే ఇంట్లో ఒక మంచి నిఘంటువు ఉంటే పదో తరగతి చదివే ఆడపిల్ల ఆ పని చేసి పెడుతుంది. పాత పుస్తకాల అంగట్లో అది సినిమా టికెట్టుకు మించని ధరకే దొరకవచ్చు.

పరిష్కారం ప్రభుత్వం చేతిలో కొంత ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది 1960లో. ఆ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. ఇంటిపన్ను కట్టే ప్రతి పల్లె మనిషీ పుస్తకాలకు ముందే డబ్బు కట్టినట్టు లెక్క. ఆ సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. కర్నూలులో 1883లో పుట్టి, 1908లోనే రాతల కోసం జైలుకు పోయి, జీవితాంతం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు జిల్లాలో ఈ ఫిర్యాదు మిగిలి ఉండటం న్యాయం కాదు. బకాయిలు రాబట్టి, కొనే పుస్తకాల్లో కొంత వంతు స్థానిక అంగళ్ల ద్వారా, స్థానిక రచయితలవి కొంటే అంగడీ నిలుస్తుంది, పాఠకుడికీ దొరుకుతుంది.

మరో మార్గం పుస్తకాన్నే జనం దగ్గరకు తీసుకుపోవడం. విజయవాడలో 1989 నుంచి జరుగుతున్న పుస్తక మహోత్సవానికి ప్రతి జనవరిలో జనం తండోపతండాలుగా పోతున్నారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల కోసం దూరప్రాంతాల నుంచి వస్తారు. అక్కడ అన్ని రకాల అంగళ్లూ పక్కపక్కనే ఉండటం వల్ల ఒకదాని కోసం వచ్చినవాడు ఇంకొకటి చూస్తాడు. మన జిల్లాల్లో జనం కూడే సందర్భాలకు కొదవలేదు. శ్రీశైలం, మహానంది, అహోబిలం, మంత్రాలయం, బ్రహ్మంగారి మఠం తిరునాళ్లు ఉన్నాయి. వారపు సంతలున్నాయి. మార్కెట్ యార్డులున్నాయి. బ్రహ్మంగారి మఠంలో కాలజ్ఞానం కొనే చేతులు పక్కనే మరో నాలుగు పుస్తకాలు ఉంటే తిరగేయకుండా పోవు. సంతలో కూరగాయల బండికి ఇచ్చినంత చోటు పుస్తకాల బండికి ఇవ్వడానికి పంచాయతీకి పోయేదేమీ లేదు.

తపాలా మార్గం కూడా ఉంది. చవకగా పుస్తకాలు చేరవేసే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసినప్పుడు ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. తర్వాత 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ పేరుతో మరో సేవ ప్రారంభమైంది. అప్పుడు ప్రకటించిన ధరల ప్రకారం 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు. పన్ను అదనం. ఊళ్లో నలుగురు కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటే తలా ఒక్కరికి పడే ఖర్చు స్వల్పమే.

అంగడివాళ్లకు ఒక విజ్ఞప్తి. నోటుబుక్కుల పక్కన ఒక్క అర ‘మన జిల్లా రచయితలు’ అని రాసి పెట్టండి. అడిగిన పుస్తకం లేకపోతే ‘లేదు’ అనే బదులు ఏ వీధిలో దొరుకుతుందో చెప్పండి. ఈ రోజు పక్క అంగడికి పంపిన మనిషి రేపు మీ దగ్గరకే వస్తాడు.

పల్లె పాఠకులకూ ఒక మాట. వచ్చేసారి కర్నూలులో రాజ్‌విహార్ దగ్గరో, కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గరో దిగినప్పుడు, పని ముగిశాక బస్సుకు ఇంకా గంట ఉంటే పుస్తకాల అంగడి ఎక్కడుందో విచారించండి. ఒకచోట లేదంటే రెండోచోట అడగండి. రచయిత పేరు చెప్పి అడగండి. కొనకపోయినా ఫరవాలేదు. పదిమంది అడిగిన పుస్తకాన్ని ఏ వ్యాపారీ తెప్పించకుండా ఉండడు. ఎవరూ అడగని పుస్తకాన్ని ఏ చట్టమూ అంగట్లో నిలబెట్టలేదు.