హోంవర్క్ వేళ పక్కన ఎవరున్నారు?

జూన్ 12న బడులు తెరిచారంటే తెలుగు ఇళ్లలో సాయంత్రాల తీరే మారిపోతుంది. పిల్లవాడు వస్తూనే బ్యాగు ఓ మూలకు విసిరేస్తాడు. “హోంవర్క్ ఉందా?” అని తల్లి అడుగుతుంది. “తర్వాత చేస్తాలే” అంటాడు. ఆ ‘తర్వాత’ ఆట అయ్యాక, టీవీ అయ్యాక, ఫోను అయ్యాక, కళ్లు మూతలు పడుతుండగా రాత్రి పదింటికి వస్తుంది. లేదంటే తెల్లారి బస్సు హారన్ వినిపించే ముందు వస్తుంది. మాకు అందే ప్రార్థన విన్నపాల్లో జబ్బులు, అప్పులు, పెళ్లి సంబంధాలతో పాటు తరచుగా కనిపించే మాట ఒకటుంది: “మా వాడికి చదువు మీద మనసు కలిగేలా ప్రార్థించండి.”

తప్పకుండా ప్రార్థిద్దాం. అయితే ఆ మనసు ఎందుకు కలగడం లేదో ఒకసారి నిదానంగా చూడాలి. ఎందుకంటే ఈ విన్నపంలో పిల్లవాడు సోమరి అన్న తీర్పు ముందే ఉంది. మేము ఆ తీర్పుతో ఏకీభవించడం లేదు.

ఉదయం నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని వచ్చినవాడికి మళ్లీ కూర్చోమంటే ఒళ్లు మొరాయిస్తుంది. పొలం పని నుంచి వచ్చిన తండ్రిని గుమ్మంలోనే ఆపి ఇంకో ఎకరం దున్నమంటే ఆయన ఏమంటాడు? ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 1, 2 తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదని 2018లో మద్రాసు హైకోర్టు చెప్పింది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం కూడా రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దంది. మూడు నుంచి అయిదు తరగతులకు వారం మొత్తానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట, ఆపై తరగతులకు రోజుకు 2 గంటలు మించరాదంది. మన పిల్లల డైరీలు తెరిచి చూస్తే ఈ విధానం ఎంత దూరంలో ఆగిపోయిందో తెలుస్తుంది. యూకేజీ పిల్లకు నాలుగు పేజీల కాపీ రైటింగ్ ఇవ్వకపోతే “ఆ బడిలో చదువు చెప్పరు” అని పిల్లను వేరే బడికి మార్చేదీ మనమే. బడి యాజమాన్యాలను మాత్రమే తప్పుపట్టి ప్రయోజనం లేదు.

ఇచ్చే పని కూడా ఎలాంటిది? ప్రశ్నలకు జవాబులు గైడులోంచి దించడం, తప్పు రాసిన మాటను యాభైసార్లు రాయడం. అందులో తెలుసుకునేది ఏమీ లేదని పిల్లవాడు పెద్దల కన్నా ముందే కనిపెడతాడు. అర్థమైన లెక్కను పిల్లలు చాలావరకు వాయిదా వేయరు. వాయిదా పడేది అర్థం కానిదే. ‘తర్వాత చేస్తా’ అనే మాటకు చాలాసార్లు అసలు అర్థం ‘నాకు రాదు’ అని. ఆ మాట పైకి అంటే దెబ్బలో, తిట్లో పడతాయని భయం.

ఇక్కడే మన సంఘాలకు సంబంధించిన అసలు విషయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియం వైపు మళ్లించే నిర్ణయం 2019లో జరిగింది. తెలంగాణ 2022-23లో ఆ దారి పట్టింది. పేదవాడి బిడ్డకు ఇంగ్లీషు అందాలన్న కోరికను మేము తప్పుపట్టం. కానీ కూలికి వెళ్లొచ్చిన తల్లి ఆ సైన్సు పుస్తకం తెరిచి బిడ్డకు ఏం చెప్పగలదు? చదువుకున్న ఇంట్లో హోంవర్క్ అంటే నాన్న పక్కన కూర్చోవడం. చదువు లేని ఇంట్లో హోంవర్క్ అంటే బిడ్డ ఒంటరిగా కూర్చోవడం. ఒకే నోటు పుస్తకం, ఒకే ప్రశ్న. మర్నాడు బడిలో ఒకడికి ‘గుడ్’, ఇంకొకడికి గోడకుర్చీ. డబ్బున్నవారు ట్యూషన్ పెట్టించుకుంటారు. లేనివారు ప్రార్థన విన్నపం పంపుతారు.

ఫోను గురించి చెప్పకుండా ఉండలేం. గ్రామీణ భారతంలో జరిగిన 2024 అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. పిల్లలను తిట్టే ముందు రాత్రి భోజనాల దగ్గర మన చేతిలో ఏముందో చూసుకుంటే సగం సంగతి తెలుస్తుంది.

“హోంవర్క్ చేస్తే పది రూపాయలు, చాక్లెట్” అనే ఉపాయం చాలా ఇళ్లలో నడుస్తోంది. 1973లో అమెరికాలో బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్న పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పి, ఇచ్చారు. కొద్ది రోజుల తర్వాత చూస్తే, ఏ బహుమతీ ఆశించకుండా గీసిన పిల్లల కన్నా వీళ్లు ఆ రంగు పెన్నుల జోలికి తక్కువగా వెళ్లారు. ఇష్టంగా చేసే పని కూలి పనిగా మారిపోయింది. మన సండే స్కూల్ హాజరు బహుమతుల గురించి కూడా ఈ సందర్భంలో కాస్త ఆలోచిస్తే మంచిది, కానీ అది మరో సంపాదకీయానికి సరిపడా విషయం.

మరి మనసు ఎలా కలుగుతుంది? ముందు ఏదైనా తినిపించండి. ఓ గంట ఆడుకోనివ్వండి. తర్వాత రోజూ అదే వేళ, అదే చాప, టీవీ కట్టేసిన గది. మొదట వచ్చిన లెక్కే చేయనివ్వండి, రానిది తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన ఒక మనిషి. ఆ మనిషికి చదువు రాకపోయినా పరవాలేదు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ “ఈ పాఠంలో ఏముందిరా, నాకు చెప్పు” అని అడిగే తల్లి చాలు. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా తెలుగు పేజీ కూడా వేస్తున్నారు. ఆ తెలుగు పేజీ బిడ్డ చేత పైకి చదివించుకోవచ్చు. చెప్పబోయి ఆగిపోయిన చోటే తనకు రానిదేమిటో బిడ్డకే తెలుస్తుంది.

ఆ మనిషి ఇంట్లో లేనప్పుడు? తల్లిదండ్రులు ఇద్దరూ చీకటి పడ్డాకే ఇల్లు చేరే కుటుంబాలు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. మన మందిరాల్లో ఫ్యాన్లు, లైట్లు, చాపలు ఉన్నాయి. అవి వారంలో ఆరు రోజులు తాళం వెనక ఉంటున్నాయి. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రేక్స్ సండే స్కూల్ మొదలుపెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదవడం నేర్పడానికే. ఆయన నడిపింది కూడా ఒక వారపత్రికే అని గుర్తొస్తే మాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా మందిరం తెరవడానికి పెద్ద నిధులు అక్కరలేదు. డిగ్రీ చదివే యవ్వనస్థులు, రిటైరైన మాస్టారు ఒకరు, వంతులవారీగా. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపులు బార్లా తెరిచి ఉండాలి, ఆడపిల్లలను ఇంటి దాకా దిగబెట్టాలి. వీధిలోని పిల్లలందరూ రావచ్చు, ఏ మతం వారైనా సరే. అయితే లెక్కల కోసం వచ్చిన బిడ్డకు అక్కడ లెక్కలే చెప్పాలి. ఆ గంటలో కరపత్రాలు పంచడం, పాటలు నేర్పడం వద్దు. నమ్మి పంపిన పొరుగింటి తల్లికి మనం ఇవ్వవలసిన మర్యాద అది.

మందిరం తెరవలేని సంఘాలు కనీసం ఒక పని చేయవచ్చు. వారం మధ్యలో జరిగే సాయంత్రపు కూటాల్లో మైకు హోరు వీధి చివరి దాకా వినిపిస్తుంటుంది. ఆ వీధిలో ఎక్కడో ఒక బిడ్డ చెవులు మూసుకుని ఎక్కాలు వల్లె వేస్తుంటుంది. బయటి హారన్ తీసేసి లోపలి బాక్సు ఒక్కటి ఉంచితే కూటంలో కూర్చున్న అందరికీ వినిపిస్తుంది. పబ్లిక్ పరీక్షల దాకా ఆగకుండా ఈ వారమే తీసేయవచ్చు.