సూచీ పెరిగితే పత్తి ధర పెరిగినట్టేనా?

సెన్సెక్స్ కొత్త రికార్డు కొట్టిన ప్రతిసారీ దేశమంతా బాగుపడినట్టే టీవీల్లో చెబుతారు. ఆ రోజు జమ్మికుంట, ఆదిలాబాద్ యార్డుల్లో పత్తి ఏ ధర పలికిందో మాత్రం చెప్పరు. మన పిల్లలు కూడా ఫోన్లలో నిఫ్టీ, సెన్సెక్స్ అంటున్నారు కాబట్టి ఆ లెక్కేమిటో మనం తెలుసుకోవాల్సిందే.

సెన్సెక్స్ అంటే ముంబైలోని బీఎస్‌ఈలో 30 పెద్ద కంపెనీల షేర్ల కొలత. 1978-79 నాటి విలువను 100 అనుకుని లెక్కిస్తారు. నిఫ్టీలో 50 కంపెనీలు. పెద్ద కంపెనీకి బరువు ఎక్కువ. మన చేను, మన కూలి, మన అప్పు అందులో ఎక్కడా ఉండవు.

అసలు కిటుకు వేరే ఉంది. నిఫ్టీ జాబితాను ఏడాదికి రెండుసార్లు సరిచూసి, చిక్కిపోయిన కంపెనీని తీసేసి బలిసినదాన్ని చేరుస్తారు. 2009 జనవరి 7న మన హైదరాబాద్ కంపెనీ సత్యం దొంగ లెక్కలు బయటపడ్డాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని రెండు సూచీల్లోంచీ తీసేశారు. షేర్లు కొన్నవాళ్లు మునిగారు, సూచీ మాత్రం దాన్ని వదిలించుకుని ముందుకు పోయింది. ఏళ్ల తరబడి ఓపిక పడితే సూచీలో పెట్టిన సొమ్ము పెరుగుతుందంటారు. ఇప్పటిదాకా చాలావరకు అదే జరిగింది, కాదనం. కానీ ఎండిన చేనును లెక్కలోంచి తీసేసే వీలుంటే మన దిగుబడి కూడా ఏటా రికార్డే!

పదేళ్ల లెక్క చూడండి. 2014 జూన్‌లో 25 వేలు దాటిన సెన్సెక్స్ 2024 జూలైలో 80 వేలు దాటింది. పొడవు పింజ పత్తి మద్దతు ధర 2014-15లో క్వింటాలుకు 4,050 రూపాయలు, 2024-25లో 7,521. అక్కడ మూడింతలు దాటింది, ఇక్కడ రెండింతలు కూడా కాలేదు. అదైనా తేమ 12 శాతం మించకపోతేనే.

షేర్లు ఎగిరితే పండగ చేసుకునే సర్కారుకు పంట ధర ఎగిరితే గుబులు. 2021లో సోయా ధర పెరిగింది. ఆగస్టులో 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చారు. డిసెంబరులో సోయాతో సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని సెబీ ఆపేసింది. ఆ వ్యాపారం రైతుకు మేలని మేమూ అనం, కానీ షేర్లు పెరిగినప్పుడు ఎవరైనా ఇలా ఆపారా? 2025 ఆగస్టులోనైతే పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్నే ఎత్తేసి, ఏడాది చివరిదాకా పొడిగించారు. మన పత్తి మార్కెట్‌కొచ్చే నెలలవే.

పత్తి పైసలు రాగానే ఆప్షన్లలో పెట్టే తమ్ముళ్లకు ఒక మాట. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీయే చెప్పింది. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల పైమాటే. అది పెట్టుబడి కాదు, పేకాట. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో అసలే వద్దు.

సాగు ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పి ఎన్నో ఏళ్లయింది. దానికి చట్టం కావాలన్నదే మన డిమాండ్. సూచీ వెయ్యి పాయింట్లు పడితే ఢిల్లీలో కనిపించే కంగారు పత్తి వెయ్యి రూపాయలు పడితే ఎందుకు కనిపించదో, యార్డుకు వచ్చిన ప్రతి నాయకుణ్ణీ నిలబెట్టి అడగండి.