కుండీలోని మొక్కకూ మితమే పథ్యం

నేడు పట్టణాలలోని అనేక మధ్యతరగతి ఇండ్లలో, ముందుగదిలో సోఫా ప్రక్కన, ఫిడేలు ఆకారపు పెద్ద ఆకులతో నిలువెత్తు మొక్క ఒకటి దర్శనమిస్తున్నది. దానిని ఫిడిల్ లీఫ్ ఫిగ్ అంటారు. శాస్త్రీయ నామం ఫైకస్ లైరేటా. ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న ఈ మొక్క కొద్ది నెలలలోనే ఆకులు రాల్చి మోడువారడం పలు ఇండ్లలో జరుగుతున్నది. ఇందుకు నిర్లక్ష్యం కంటె అతిశ్రద్ధయే ఎక్కువగా కారణమని నా అభిప్రాయం.

దీని జన్మస్థానం పశ్చిమ ఆఫ్రికాలోని వర్షారణ్యాలు. అయినను ఇది మన మర్రి, రావి, మేడి, జువ్విలకు దగ్గరి బంధువే. మన ఊళ్ళలో తాటిమట్టల నడుమ రావి మొలకెత్తడం చూస్తుంటాము గదా! ఈ మొక్క కూడా తన అడవిలో తరచు ఇతర వృక్షాలపై మొలకెత్తి, వేళ్ళను నేలకు దింపుకొని, 12 నుండి 15 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. అటువంటి వేళ్ళకు నీటితోపాటు గాలియు అవసరం. కుండీమట్టి ఎప్పుడూ బురదగా ఉంటే గాలి అందక అవి కుళ్ళిపోతాయి.

ముందు తిన్నది జీర్ణం కాకముందే మరల భుజించడాన్ని ఆయుర్వేదం అధ్యశనమని పేర్కొని, అది వ్యాధులకు మూలమని హెచ్చరించినది. ప్రతి ఉదయం అలవాటుగా చెంబెడు నీరు పోయడం ఈ మొక్క పాలిట అధ్యశనమే. వ్రేలిని మట్టిలోనికి రెండు అంగుళాలు గుచ్చి చూడండి. తడి తగిలితే నీరు పోయవద్దు. పొడిగా ఉన్నప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుండి కారేవరకు నిండుగా పోయండి. వేసవిలో ఈ అవసరం త్వరగా వస్తుంది, వర్షాకాలంలోను చలికాలంలోను ఆలస్యంగా వస్తుంది. కావున వారాలను లెక్కించుట కంటె మట్టిని పరీక్షించుటయే మేలు. పళ్ళెంలోనికి కారిన నీటిని వెంటనే పారబోయాలి. అక్కడ నిలిచిన నీటిలో డెంగీని వ్యాపింపజేసే దోమ గ్రుడ్లు పెట్టి, వారం పది రోజులలోనే పెరిగి ఎగిరిపోగలదు. అందము కొరకు పెట్టిన మొక్క ఇంటికి జ్వరం తేరాదు.

ఆకు చెప్పే సంగతిని గమనించండి. అంచులు పెళుసుగా ఎండితే దాహమని, ఆకు నడుమ ముదురు గోధుమరంగు మచ్చలు వ్యాపించి క్రింది ఆకులు రాలితే నీరు అధికమైనదని సాధారణంగా గ్రహించవచ్చును. తూర్పు కిటికీ వద్ద వెలుతురు దీనికి హితం. పడమటి ఎండ ఆకులను మాడ్చుతుంది. ఏ.సి. గాలి సూటిగా తగిలినను, చోటు తరచు మార్చినను ఆకులు రాల్చుతుంది. నిగనిగలాడాలని కొందరు ఆకులకు కొబ్బరినూనె పూస్తారు. అది ఆకు రంధ్రాలను మూసివేస్తుంది. తడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. పిండినల్లి పట్టినచో లీటరు నీటికి ఒక చెమ్చా వేపనూనె, కొద్ది చుక్కల సబ్బునీరు కలిపి, సాయంవేళ తుడవవచ్చును.

ఇక మన ఆశలోను మితం ఉండాలి. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి చెట్ల బెరడులను పంచవల్కలాలని పిలిచి, వాటి కషాయాన్ని వ్రణాలు కడుగుటకు, పుక్కిలించుటకు వైద్యులు వాడుతారు. మర్రిపాలు పగిలిన మడమలకు పూయడం పల్లెలలో తెలిసినదే. ఇదియు పాలుగారే మొక్కయే గదా, మర్రి బంధువే గదా అని దీని పాలను వాడరాదు. అన్నదమ్ములైనంత మాత్రాన గుణాలు ఒకటి కావు. దీని పాలు చర్మంపై దురద, మంట కలిగించవచ్చును. ఆకు నమిలినచో నోరు మండి వాంతులు కావచ్చును. పసిపిల్లలకు, పెంపుడు పిల్లులకు, కుక్కలకు అందకుండా ఉంచాలి. కొమ్మ కత్తిరించిన పిదప సబ్బుతో చేతులు కడుగుకోవాలి. పాలు కంటిలో పడితే మంచినీటితో చాలాసేపు కడిగి వైద్యుని చూడాలి.

గదిలోని గాలిని ఇది శుభ్రం చేస్తుందన్న ప్రచారం మరియొకటి. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన చిన్న గదులలో ఇంటి మొక్కలపై జరిపిన ప్రయోగాల నుండి ఈ నమ్మకం ప్రబలినది. అటువంటి ప్రయోగాల ఫలితాలను 2019లో పునఃపరిశీలించిన శాస్త్రజ్ఞులు, భవనాలలో సహజంగా జరిగే గాలిమార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుండి 1000 మొక్కలు ఉండాలని తేల్చారు. ఉబ్బసం ఉన్నవారి గదిలో ఒక కుండీ ఉంచి కిటికీ మూసుకొనుట ఆత్మవంచనయే. కిటికీ తెరవండి, వంటింటి పొగ బయటకు పోయే మార్గం చూడండి.

మరి ఈ మొక్క ఎందుకు? కంటికి ఇంపుగా ఉండుటకు. కొత్త ఆకు విప్పుకొనుటను చూచిన మనస్సు పొందే ప్రసన్నత తక్కువది కాదు. ఔషధం కావలసినవారు ఊరి ఖాళీ స్థలంలో ఒక మేడిని, ఒక రావిని నాటవచ్చును. ఇంటిలోని దీనికి మాత్రం వెలుతురు ఇచ్చి, ఆకలి తెలిసికొని నీరు పోయండి.